అమ్మ అచ్చిండు, బాపు అచ్చింది

రాండ్రి, కూసోండ్రి. చాయ్ పెట్టిన, అల్లం ఎక్కువనే దంచేసిన. ఇయ్యాల ధరల ముచ్చట ఒద్దు, ఓట్ల ముచ్చట అసలే ఒద్దు. రెండేండ్ల పిల్లల ముచ్చట పెట్టుకుందాం. మీ ఇంట్ల ఒకరన్న ఉండే ఉంటరు. లేకుంటే పక్కింట్ల ఉంటరు, గోడ అవతలి నుంచి ఇనవడుతనే ఉంటది.

మా మనుమరాలు గేటు చప్పుడైతె సాలు, ఉరికేది. "బాపు అచ్చింది!" అని ఒకటే సంబురం. ఎదురింటి పిలగాడు దీనికి ఉల్టా. వాళ్లమ్మ కంపెనీల బీడీలు ఒప్పజెప్పి రాంగనె "అమ్మ అచ్చిండు!" అంటడు. రెండిండ్లోళ్లం కడుపుబ్బ నవ్వుతం.

నవ్వద్దని అనను. కని నవ్వినంక జర ఆగి చూడుండ్రి, ఆ ఇద్దరు చేసిన పని చిన్నది కాదు. 'అచ్చింది', 'అచ్చిండు' అనే మాటలకు మొదలు ఒక్కటే, తోకలు వేరు అని వాళ్లకు ఎరుకైపోయింది. జరిగిన పనేందో మొదట్ల ఉంటది, చేసినోళ్లెవరో తోకల ఉంటది. తోక తప్పు పెట్టిన్రు, నిజమే. తోక అనేదొకటి ఉన్నదని, దాన్ని ఊడదీసి ఇంకోటి తగిలియ్యొచ్చని మాత్రం వాళ్లంతట వాళ్లే కనిపెట్టిన్రు.

మనకు బాలవ్యాకరణం అని ఒక పుస్తకమున్నది గదా. పరవస్తు చిన్నయసూరి రాసిండు, 1858ల అచ్చయింది. పేర్ల 'బాల' ఉన్నదని నమ్మి తెరిస్తే, సంధి పరిచ్ఛేదం కాన్నే పెద్దోళ్లకు చెమటలు పడతయి. అసలు బాలలు ఆ పుస్తకం మొకం చూడకుంటనె, ఇంకా పాలు మానకముందే, ఎవరి వ్యాకరణం వాళ్లు కట్టుకుంటున్నరు.

మనోళ్ల మాటల ఉన్న లెక్క ఏందో మీకు తెల్సు, కని ఎప్పుడూ లెక్కబెట్టి ఉండరు. ఒక్కలు వచ్చిన్రనుకోండ్రి. మొగోడైతె 'అచ్చిండు'. మిగిలినయన్ని 'అచ్చింది'. అమ్మ అచ్చింది, బర్రె అచ్చింది, ఆర్టీసీ బస్సు అచ్చింది, వాన అచ్చింది, కరెంటు అచ్చింది. ఆడోళ్లను బర్రెల కొట్టంల కట్టేసిన ఈ న్యాయం మీద నాకు వేరే పంచాయితీ ఉన్నది, అది తర్వాత చెప్త. ఇప్పటి ముచ్చట ఏందంటె, పొద్దుగాల లేచినకాన్నుంచి మా పొల్ల చెవుల పడేది ఎక్కువ 'అచ్చింది'నే. పాలు అమ్మేటామె, పిల్లి, నీళ్ల ట్యాంకరు, కరెంటు, అన్నిటికీ అదే. అందుకే బాపుకు గూడ అదే తగిలిచ్చింది. ఎదురింట్ల ఇద్దరు చిన్నాయనలు, ఒక మేనమామ, ఒక తాత. పొద్దుందాక ఎవడో ఒకడు 'అచ్చిండు', 'పోయిండు', 'తిన్నడు'. ఆ పిలగాని లెక్క అట్ల కుదిరింది. ఇది నా అందాజనే అనుకోండ్రి, కని అందాజ ఊరికెనే పుట్టలేదు, రెండిండ్లల్ల చెవి పెట్టి ఇన్న.

ఇగ మీరు అడుగుతరు: తప్పు దిద్దితె నేర్చుకోరా అని. మనం నిజంగ ఏం దిద్దుతమో చూడుండ్రి. ఎదురింటి పిలగాడు మేకను చూపిచ్చి "కుక్క అచ్చిండు" అంటడు. నేనేమన్న? "కుక్క కాదు బిడ్డా, అది మేక" అన్న. 'అచ్చిండు' సంగతే మర్చిపోయిన. హార్వర్డ్‌ల రోజర్ బ్రౌన్ అని ఒక సారుండె. 1960లల్ల ఆడమ్, ఈవ్, సారా అని మారుపేర్లు పెట్టి ముగ్గురు పిల్లల మాటలు రికార్డు చేయించిండు. 1973ల దాని మీద పెద్ద పుస్తకమే రాసిండు. అంతకుముందే, 1970ల, కమిల్ హాన్లన్‌తోని కలిసి ఒక సంగతి బయటపెట్టిండు. తల్లులు పిల్లల వ్యాకరణం దిద్దరు, నిజమా అబద్ధమా అన్నదే దిద్దుతరు. మాట వంకరగున్నా సంగతి సరైందైతె "అవును బిడ్డా" అంటరు. అమెరికాల అమ్మయినా, జమ్మికుంటల అవ్వయినా ఇండ్ల తేడా లేదు.

పోనీ, పట్టుబట్టి దిద్దుదామన్న దిద్దనిస్తరా? ఒకసారి మా కోడలు దగ్గర కూసోబెట్టుకొని చెప్పింది: "బాపు అచ్చిండు, అను." అది బుద్ధిగ అన్నది: "బాపు అచ్చిండు అను." మళ్లీ గేటు చప్పుడైంది. "బాపు అచ్చింది!" అనుకుంట ఉరికింది.

అసలు ఈ పని మాటలు రాకముందే మొదలైతది. 'తాత', 'టాటా' ఈ రెండిటి తేడా మనకు చిన్నది. ఇంగ్లీషోళ్లకు మాత్రం త, ట రెండు ఒక్కతీరుగనే ఇనవడతయి. జానెట్ వెర్కర్ అనే ఆమె 1984ల చూపించింది: ఇంగ్లీషు ఇండ్లల్ల పుట్టిన పసిపిల్లలు గూడ ఆరు, ఎనిమిది నెలలప్పుడు హిందీల ఆ తేడాను పట్టుకుంటరు, ఏడాది నిండేసరికి పోగొట్టుకుంటరు. వాళ్లింట్ల దానితోని పనిలేదు గద మరి. మన పిల్లలకు పనున్నది. తాతకు టాటా చెప్పాలె.

ఇంకో సంగతి. మనం మాట్లాడేటప్పుడు మాటకూ మాటకూ నడుమ సందు ఉండదు. రాసేటప్పుడు ఖాళీ వదుల్తం గని, నోటితోని 'బువ్వతింటవారాబిడ్డ' అని గుక్కతిప్పకుంట అంటం. అండ్ల బువ్వ ఏడ ఐపోయింది, తింటవా ఏడ మొదలైందో ఎట్ల తెలుస్తది? 1996ల జెన్నీ సాఫ్రన్, ఆమె తోటోళ్లు ఎనిమిది నెలల పిల్లలకు అర్థం లేని చప్పుళ్లను సందు లేకుంట రెండు నిమిషాలు ఇనిపిచ్చిన్రు. ఏ చప్పుడు ఎన్కాల ఏది మాటిమాటికి వస్తదో ఆ రెండు నిమిషాలల్లనే పట్టేసిన్రట. బోర్ల పడి పాకేటోళ్లు! మనం ఉయ్యాల కాడ ఊకె ముచ్చట్లు పెడుతుంటే వాళ్లు లెక్కలు చేస్తుంటరన్నమాట.

తోకల సంగతికి మళ్లీ వద్దాం. డాన్ స్లోబిన్ అనే భాషా పండితుడు దేశదేశాల పిల్లల మాటలను పక్కపక్కన పెట్టి చూసిండు. మాట చివర ఏమున్నదో పిల్లలు మొదలు పట్టుకుంటరని 1973ల రాసిండు. తుర్కీ భాషల పేర్లకు వచ్చే తోకలను అక్కడి పిల్లలు రెండేండ్లకే సరిగ్గ వాడుతరట. తెలుగూ ఆ తీరు భాషనే. 'బండి'కి 'ల' కలిపితె బండిల, 'సంచి'కి కలిపితె సంచిల. తోక స్పష్టంగ ఇనవడతది, చిన్న నోరుకు గూడ అందుతది.

అందినంక ఆగుతరా! మా పొల్ల "ఇల్లుల ఉన్నది" అంటది, ఇంట్ల అనదు. "నోరుల పెట్టు" అంటది, నోట్ల అనదు. రెండు కాలులు, మస్తు ఇల్లులు. ఈ మాటలు మేమెవ్వలం అనం, టీవీల రావు, ఏ పుస్తకంల లేవు. ఎవ్వలూ అనని మాట దాని నోట్లకు ఎట్ల వచ్చింది? ఇన్నదాన్ని తిరిగి అనుడు కాదిది. సొంతంగ కుట్టుకున్నది. 'ఇంట్ల', 'కాళ్లు' అన్నయి నిజానికి మన భాషల ఉన్న వంకరలు. పొల్ల వాటిని చక్కగ చేస్తాంది, మనం నవ్వుతున్నం.

1958ల జీన్ బెర్కో దీన్ని పరీక్ష పెట్టి తేల్చింది. లోకంల లేని ఒక పిట్ట బొమ్మ గీసి, దానికి 'వగ్' అని పేరు పెట్టింది. ఇగో ఇక్కడొకటి, ఇప్పుడింకోటి వచ్చింది, రెండైనయి, ఏమనాలె అని చిన్న పిల్లలను అడిగింది. ఎన్నడూ ఇనని పేరుకు గూడ వాళ్లు బరాబర్ బహువచనం తగిలిచ్చిన్రు.

ఆమె అమెరికాల బొమ్మలు గీసుకోవాల్సి వచ్చింది గని, మన దిక్కు ఆ పరీక్ష దినాం జరుగుతనే ఉంటది. నీళ్లు గీళ్లు, బువ్వ గివ్వ, పెండ్లి గిండ్లి. మాట మొదలు తీసేసి 'గి' పెట్టాలె, మిగిలింది అట్లనే ఉంచాలె. ఇంటికి ఏ కొత్త సామాను వచ్చినా మూడేండ్ల పిల్ల "రిమోటు గిమోటు", "ట్యాబు గీబు" అంటది. నేర్పినోళ్లు లేరు. అచ్చు దీర్ఘమైతె 'గీ' పెట్టాలె అన్నది గూడ తెలుసు! ఒకసారి "గిన్నెలు" అని ఆగిపోయింది. గిన్నెకు గి పెడితె మళ్లీ గిన్నెనే అయితది గదా. నా మొకం చూసింది. నేను దాని మొకం చూసిన. ఇద్దరం వంటింట్లకు పోయినం.

'ఎత్తుకుంట' ముచ్చట మీ ఇంట్ల గూడ జరిగే ఉంటది. రెండు చేతులు పైకెత్తి, కాళ్లకు చుట్టుకొని, "ఎత్తుకుంట, ఎత్తుకుంట" అని ఏడుస్తరు. ఎత్తుకోవాల్సింది మనం, 'ఎత్తుకుంట' అనేది వాళ్లు. మనం రోజూ "దా, ఎత్తుకుంట" అంటం, ఎంబడే ఎత్తుకుంటం. కనుక ఆ మాటంటె పైకి పోతరని వాళ్ల లెక్క. నేను, నువ్వు అన్నయంత మోసపు మాటలు ఇంకేవీ లేవు. బల్ల ఎవరన్నా బల్లనే. 'నేను' మాత్రం నోటినోటికి మనిషిని మారుస్తది. అందుకే చాన పిల్లలు కొన్ని రోజులు ఆ జంజాటమే పెట్టుకోరు, తమ పేరు తామే చెప్పుకుంటరు: "చిన్ని పోతది, చిన్నికి కావాలె." చుట్టరికాలదీ ఇదే తంటా. మా మనుమరాలు నన్ను కొన్ని నెలలు "అత్తమ్మా" అనే పిలిచింది, వాళ్లమ్మ అట్ల పిలుస్తది గదా. ఆ నెలలు నాకు ఇద్దరు కోడండ్లు.

ఇగ నాకు అన్నిటికన్న ఇష్టమైన ముచ్చట, లేదు-ఒద్దు-కాదు. ఇంగ్లీషు పొల్లకు 'నో' ఒక్కటే. బిస్కెట్ అయిపోతె నో, బిస్కెట్ ఇష్టం లేకుంటె నో, అది బిస్కెట్టే కాదన్నా నో. లోయిస్ బ్లూమ్ అనే ఆమె 1970ల ముగ్గురు ఇంగ్లీషు పిల్లల వాక్యాలు వడబోసి, ఆ ఒక్క నో ఎనుక మూడు అర్థాలున్నయని, పిల్లల వాక్యాలల్లకు అవి ఒకదానెంక ఒకటి వస్తయని చెప్పింది. లేకపోవుడు మొదలు, ఒద్దనుడు దాని ఎన్క, కాదనుడు ఆఖరుకు. ఆమె అంత కష్టపడి విడదీసిన మూడిటికి మన భాషల మూడు మాటలు ముందే సిద్ధంగున్నయి. మన పిల్లలు అర్థాన్ని దాచలేరు, ఏ మాటంటరో అండ్లనే దొరికిపోతరు.

మా ఇంట్ల 'ఒద్దు' ముందు వచ్చింది, అన్నిటికన్న గట్టిగ వచ్చింది. రెండేండ్ల మనిషికి ఇంట్ల ఉన్న అధికారమంతా ఆ మాటలనే ఉన్నది మరి. 'కాదు' చాన ఆలస్యం చేసింది. కుక్కను చూపెట్టి "పిల్లి గదా?" అని నేను ఆట పట్టిస్తుంటె చాన రోజులు నా దిక్కు అయోమయంగ చూసేది. ఒకనాడు అన్నది: "కాదు, కుక్క!" ఒద్దనాలంటె తన కడుపు సంగతి తెలిస్తె చాలు. కాదనాలంటె అవతలి మనిషి ఏమనుకుంటున్నదో మనసుల పట్టుకోవాలె, అది తప్పని తేల్చాలె. నా మాట కొట్టేసినందుకు ఆ రోజు దానికి బర్ఫీ పెట్టిన.

తిండి కాడ ఇంకో చిత్రమున్నది. మన దిక్కు 'తిన్న' అంటె తినుడైపోయింది. 'తిన' అంటె తినను. నడుమ ఉన్నది ఒక్క నవత్తు. పళ్లెం ముందర పెట్టుకొని మూతి బిగిచ్చి పొల్ల అనే మాట అయిపోయిందనా, మొదలే పెట్టననా? మా కోడలు పళ్లెం చూడకుంటనె చెప్తది. పొల్ల గూడ ఆ నవత్తును ఎన్నడూ మర్చిపోదు. అన్నం బదులు బెల్లం వస్తదని ఆశ ఉన్నప్పుడు తప్ప.

ఇదంత కరీంనగర్ వాకిట్ల ముచ్చట. గోదావరి దాటి ఉట్నూరు, జైనూరు, నార్నూరు దిక్కు పోతె ఇదే ముచ్చట ఇంకో మలుపు తిరుగుతది. ఇందాక బర్రెల కొట్టం పంచాయితీ అన్న గదా, అది ఇక్కడ తెగుతది చూడుండ్రి. తెలుగుల ఆడమనిషి ఒక్కతుంటె బర్రె పక్కన నిలవడతది. పదిమంది కూడంగనె మనుషులైతరు. ఆడోళ్లు అచ్చిన్రు, మొగోళ్లు అచ్చిన్రు, బర్లు అచ్చినయి. అక్కడి గోండి, కొలామి భాషలల్ల అట్ల కాదు. ఒక్కరైనా పదిమందైనా ఆడోళ్లు బర్రెల దిక్కే, మొగోళ్లు వేరే. ద్రావిడ భాషల మీద 2003ల వచ్చిన పెద్ద పుస్తకంల భద్రిరాజు కృష్ణమూర్తి, గోండి లాంటి ఏర్పాటే పాతదని, తెలుగు తర్వాత మార్చుకున్నదని వాదించిండు.

ఇప్పుడు ఒక గోండు పిల్ల బడికి వచ్చిందనుకోండ్రి. ఇద్దరు టీచరమ్మలు ఆటో దిగుతున్నరు. "టీచర్లు అచ్చినయి" అన్నదనుకోండ్రి. టీచరమ్మకు కోపం రాదా? "మేమేమన్న గొడ్లమా?" అంటది. కని ఆ పిల్ల చేసింది మా మనుమరాలు చేసినదే. తన ఇంట్ల ఉన్న లెక్కను తెచ్చి కొత్త మాటకు పెట్టింది. మా పొల్లనైతె నవ్వి ముద్దు పెట్టుకున్నం.

ఐదేండ్ల గోండు పిల్ల ఒక పూర్తి వ్యాకరణం మోసుకొని బడి గడప తొక్కుతది. బడి దాన్ని ఖాళీ పలక అనుకుంటది. ఈ సంగతి తెలిసినోళ్లు ముందు గూడ ఉండిరి. జోడేఘాట్‌ల కుమ్రం భీం పోరాటమైనంక నిజాం సర్కారు పిలిపిచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిల ఉండి, 1943ల గోండు పిల్లలకు గోండిలనే చదువు మొదలు పెట్టించిండు. గోండు యువకులనే టీచర్లుగ తయారు చేసిన్రు. వాచకాలు నాగరి లిపిల ఉండె, అప్పట్ల ఆ దిక్కు మరాఠీ ఎక్కువ నడిచేది. ఆ కాలంల హైదరాబాద్ రాజ్యం అధికారి సేతుమాధవరావు పగడి కొలామికి ఒక వ్యాకరణం రాసిండు, 1950ల వచ్చింది. దౌరా పొయ్యే సర్కారు మనిషి గూడెంల కూసోని ఆ భాష లెక్క రాసుకున్నడంటె, నాకు ఇప్పటికీ ముచ్చటనే. అటెన్క 2004ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ల ఎనిమిది గిరిజన భాషలల్ల తొలి తరగతుల చదువు తెచ్చిన్రు, అండ్ల గోండి, కొలామి గూడ ఉన్నయి, ఈసారి తెలుగు లిపిల. మంచి పనే. ఇసొంటి పనులు మన దగ్గర పుట్టుడు సులువు, బతుకుడు కష్టం.

మనమేం తక్కువ తంటాలు పడ్డమా అని మీరనొచ్చు. నిజమే. హనుమాజీపేటల పుట్టిన సి. నారాయణరెడ్డి చదివింది ఉర్దూ మీడియంల. ఇంట్ల తెలుగు, బడిల ఉర్దూ, ఆఖరుకు జ్ఞానపీఠం తెలుగుకు. ఇప్పటి పిల్లలకు ఇంట్ల 'అచ్చిండు', పుస్తకంల 'వచ్చాడు'. ఏ పిల్లకూ ఇది పెద్ద బరువనిపియ్యలేదు నాకు, పక్కన నిలబడి "అది తప్పు" అనేటోళ్లు లేకుంటె. మా మనుమరాలు కార్టూన్లు చూసి చూసి, బొమ్మలతోని "వాడు వచ్చేశాడు, పారిపోండి" అంటది. బొమ్మ కింద పడితె నా దిక్కు తిరిగి "బాపమ్మా, పడ్డది" అంటది. ఎవరితోని ఏ తోక పెట్టాలెనో మూడేండ్లకే తెలిసింది, ఏ మాస్టరూ చెప్పకుంటనె.

అవును, మూడేండ్లు నిండినయి. ఇప్పుడు 'బాపు అచ్చింది' లేదు. ఒకనాడు చెప్పకుండ పోయింది, మేం ఎవ్వలం చూసుకోలేదు. 'ఇల్లుల' మాత్రం ఇంకా అప్పుడప్పుడు తొంగి చూస్తది. కొత్తగ వచ్చింది ఒకరి మాట ఇంకొకరికి చెప్పుడు. మొదట్ల "అమ్మ 'రా' అన్నది" అని అచ్చం వాళ్లమ్మ గొంతుతోని అనేది. అటెన్క 'రా', 'అన్నది' రెండు కలిసి 'రమ్మన్నది' అయినయి. ఒక వాక్యాన్ని ఇంకో వాక్యం కడుపుల పెట్టుడు వచ్చింది, పొమ్మన్నది, తెమ్మన్నది, తినుమన్నది. నాకు మస్తు సంతోషమనిపిచ్చింది. రెండో రోజే దాని లాభమేందో తెలిసింది. పగటీలి నేను నడుం వాల్చి కండ్లు మూసిన. పక్క అర్రల నుంచి ఇనవడ్డది:

"అమ్మా, బాపమ్మ నన్ను ఫోను సూడుమన్నది."

"బాపమ్మ పన్నది గదనే?"

"పన్నంక అన్నది."